పిలుపు పట్టీ

వీరవేణి పొట్ట కోయించుకున్నది టీవీ సీరియల్లో వేషం కోసమేనని ఎర్రంశెట్టి సరోజిని అందట. సరోజిని నోట ఆ మాట నేరుగా విన్నవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. పాలకేంద్రం దగ్గర సరోజిని తన ఆడపడుచుతో అంటే, ఆడపడుచు గులాబీ మొక్కలు లారీకెక్కించే ఆడవాళ్ళతో అంటే, వాళ్ళు కాలవ మీది వంతెన దాటేలోగా ఆ వేషం అత్తగారి వేషమని కూడా తేల్చేశారు. చివరికి ఆ కబురు కుండీలకు నీళ్ళు పోసే నూకాలు నోట వీరవేణి చెవిన పడేసరికి ఆవిడ మంచం మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్ళ కింద రెండు దిళ్ళు పెట్టుకుని ఉంది.

“అత్తగారి వేషమేంటే? నా మొహానికి కోడలి వేషం ఇవ్వరంటా?” అంది. నవ్వితే కడుపు లాగేస్తుంది. అందుకని నవ్వుని బుగ్గల్లోనే ఆపుకుంది.

రాజమండ్రిలో చేశారు ఆపరేషను. ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా నెలవంకలా కోసి, వేలాడే చర్మమంతా తీసేసి, పై చర్మాన్ని కిందికి లాగి కుట్టారు. కుట్లు విప్పి చాలాకాలమైంది. రెండు పక్కలా గీత సన్నటి దారంలా మానిపోయింది. నడిమధ్యలో మాత్రం, బొడ్డుకి దిగువన, నోరు తెరిచింది. మొదట చింతగింజంత. తర్వాత పోకచెక్కంత. కడియం చుట్టుపక్కల నర్సరీల వాళ్ళకి కోత కొత్త కాదు. మామిడి పిలక నిలువునా చీల్చి, అందులో వేరే చెట్టు పుల్ల దూర్చి, రిబ్బను చుట్టేస్తే చిగురొచ్చేస్తుంది. వీరవేణి చేత్తో కట్టిన అంట్లు ఒరిస్సా దాకా వెళ్ళి కాయలు కాస్తున్నాయి. అలాంటిది ఆవిడ ఒంటికి కట్టిన అంటు మాత్రం అంటుకోనంటోంది.

డాక్టర్లు షుగరు చూశారు. లేదు. రక్తం చూశారు. ఆడమనిషికుండాల్సినంతా ఉంది. తిండి సరిగా తింటున్నావా అనడిగితే, మొగుడు భాస్కరం పక్కనుంచి, “ఆయ్, అందులో ఏ లోటూ లేదండి” అన్నాడు.

ఊరనుకున్నట్టు సోకు కోసం కోయించుకోలేదు వీరవేణి. బస్సెక్కితే చాలు, ఎవడో ఒకడు లేచి, “నిండు మనిషి, పాపం, కూర్చోనివ్వండి” అనేవాడు. తల నెరుస్తున్నా అనేవాళ్ళు. కాదని వాదిస్తే బస్సంతా పొట్ట వంకే చూస్తుంది. అందుకని కూర్చునేది. కూర్చుని కిటికీలోంచి బయటికి చూసేది. అది రెండో కాన్పు పొట్ట. బిడ్డ వెళ్ళిపోయాడు, పొట్ట ఉండిపోయింది.

ఎక్కడికో వెళ్ళలేదు బిడ్డ. మందార దడికి అవతలికి, బావగారింటికి వెళ్ళాడు. బావగారికి, తోడికోడలు మంగాయమ్మకి పిల్లల్లేరు. వీరవేణికి పెద్దది హారిక ఉంది, మళ్ళీ కడుపుతో ఉంది. మగపిల్లాడైతే ఇచ్చేద్దామని అన్నదమ్ములు ముందే అనుకున్నారు. అనుకున్న సంగతి ఆవిడకి ఏడో నెలలో చెప్పారు. సిజేరియన్ చేసి తీశారు పిల్లాణ్ణి. అన్నం ముట్టించిన రోజునే పీటల మీద కూర్చుని, చెంబుతో నీళ్ళు వదిలి, మంగాయమ్మ ఒళ్ళో పెట్టారు. ఆ రోజు మంగాయమ్మ ఒక మాట తీసుకుంది.

“ఇచ్చానంటే చాలదే వేణీ. ఎవరడిగినా, ఎక్కడడిగినా, నీకు ఒక్కత్తే కూతురని చెప్పాలి. దేవుడడిగినా సరే.”

“అలాగే అక్కా.”

అప్పటిదాకా వీరవేణి నడుముకి వాళ్ళమ్మ పాత నేతచీర గట్టిగా చుట్టి ఉంచేది, బాలింత పొట్ట లోపలికి పోవాలని. ఆ సాయంత్రం వీరవేణి ఆ కట్టు విప్పి దండెం మీద పడేసింది. ఇంకెవరి కోసం, అంది. మర్నాటి నుంచి దడికి అవతల పిల్లాడు ఏడిస్తే ఇవతల ఆవిడ రవిక తడిసిపోయేది. పాలు ఆగాలని మల్లెపూలు రొమ్ములకి కట్టుకోమంది వాళ్ళమ్మ. వాళ్ళ తోటలో మల్లెలకి కరువా? దోసిళ్ళతో కట్టుకుంది. వాడిపోయిన పూలు విప్పి పారబోస్తుంటే పాలవాసనా మల్లెవాసనా కలిసి వచ్చేవి. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు మల్లెలు తలలో పెట్టుకోలేదు. అమ్మింది, అంతే.

పిల్లాడికి భద్రం అని పేరు పెట్టుకున్నారు. దడి సందులోంచి దూరి వచ్చి, “పిన్నీ, బెల్లం పెట్టవా” అనేవాడు. పెట్టేది. తను కన్న సంగతి వాడికి ఊరు ఎప్పుడో చెప్పేసింది. ఊళ్ళో దాగేదేముంది? అయినా పిన్నీ అనే అనేవాడు. ఇప్పుడు గెడ్డం పెంచుకుని, బావగారు పోయాక ఆ నర్సరీ అంతా తనే చూసుకుంటున్నాడు.

*

హారిక విశాఖపట్నంలో ఒక పరిశోధనశాలలో పనిచేస్తుంది. తల్లి పుండు సంగతి తెలిసి, చేతిలో ఐసు పెట్టె ఒకటి పట్టుకుని దిగింది. అందులోంచి పాల మీది మీగడలా పల్చటి పొర ఒకటి పట్టకారుతో పైకి తీసింది.

“దీన్ని పిలుపు పట్టీ అంటాంలే. పుండు మీద వేస్తాను, కదలకు.”

“ఎవర్ని పిలుస్తుందే?”

“నన్ను. నీ కడుపులో ఉన్నప్పుడు నా కణాలు కొన్ని నీ రక్తంలోకి వచ్చేశాయమ్మా. నేను బయటికొచ్చినా అవి రాలేదు. నీ ఎముకల్లోనో చర్మంలోనో కాపురముంటున్నాయి.”

“అద్దె కట్టకుండానా?”

“దెబ్బ తగిలినప్పుడు వచ్చి పనిచేస్తాయిగా, అదే అద్దె. అవి పసిపిల్ల కణాలు. ఏ పని చెప్పినా నేర్చుకుంటాయి. చర్మం కావాలంటే చర్మమైపోతాయి. అయితే మామూలుగా ఒకటో రెండో వస్తాయి. ఈ పొరలో నా రక్తంలోంచి తీసిన గుర్తు కలిపాం. ఆ గుర్తు తగిలితే ఒంట్లో ఎక్కడెక్కడున్నవీ లేచి వచ్చేస్తాయి.”

పొర అంటించి, పైన దూదికట్టు కట్టి, కూతురు చేతులు కడుక్కుంది. మంచం మీద తల్లి తన పొట్టని మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంది. ఇంతకాలం లోపల మనుషులున్నారన్నమాట.

పట్టీ మీద పట్టీ మార్చారు. ఎవరూ రాలేదు. పోకచెక్కంత పుండు కోడిగుడ్డంతైంది. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడటం మొదలైంది. విశాఖపట్నంలో ఇదే పట్టీ ఎంతమంది తల్లులకో పనిచేసింది. తన తల్లికే పనిచేయకపోయేసరికి హారిక మొహం చిన్నబోయింది.

“నీ ఒంట్లో నావి ఏమీ లేనట్టున్నాయమ్మా.”

“కడుపులో ఉన్నప్పుడే నువ్వు పెంకిదానివి. ఏనాడన్నా పిలిస్తే పలికావా?”

నవ్వించాలని అన్న మాటకి కూతురు కళ్ళు తుడుచుకుంది.

*

జ్వరం తగ్గకపోయేసరికి తల్లిని విశాఖపట్నం తీసుకెళ్ళింది. ఆ పరిశోధనశాల పెద్ద ఇస్మాయిల్ గారు నెమ్మదిగా మాట్లాడే మనిషి. పుండు అంచు నుంచి ఆవగింజంత ముక్క తీసి, రంగులు పోసి, యంత్రం కింద పెట్టారు. గోడ మీది తెర మీద వీరవేణి ఒళ్ళు కనిపించింది. నారుమడిలా ఉంది, ఆవిడ కళ్ళకి. పచ్చటి చుక్కలు, పక్కపక్కనే, వరసగా. ఆ పచ్చదనంలో అక్కడో ఎర్రచుక్క, ఇక్కడో ఎర్రచుక్క.

“ఇవి మీవి కాదమ్మా” అన్నారాయన ఎర్రవాటిని చూపించి.

“మా అమ్మాయివేమో?”

“అమ్మాయివి కావు. మగపిల్లాడివి.”

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

“మొదట్లో అడిగాం కదమ్మా, ఎంతమంది పిల్లలని?”

“ఒక్కత్తే కూతురండి” అంది వీరవేణి.

“ఇప్పుడు కూడా?”

“ఒక్కత్తేనండి.”

ఇస్మాయిల్ గారు హారిక వంక చూశారు. హారిక తల వంచుకుంది. సిగ్గుతో కాదు. మొదటిరోజు తల్లి ఆ జవాబు చెప్తున్నప్పుడు తనూ పక్కనే కూర్చుంది. అబద్ధమని అనిపించలేదు. కణాలూ గుర్తులూ లెక్కపెట్టడమే ఉద్యోగమైన మనిషికి, ఈ లెక్కలో భద్రాన్ని కూడా కలపాలన్న ఆలోచన రాలేదు. పలక పట్టిన నాటి నుంచీ వాడు పెద్దమ్మ కొడుకు. వాళ్ళింట్లో ఆ మాట అంత లోతుకి దిగిపోయింది. రాని మనిషిని పిలుస్తూ, వచ్చే మనిషిని పిలవకుండా, ఇంతకాలం పుండుని పెద్దది చేశారు.

“పిలవకుండానే వచ్చిన కణాలమ్మా ఇవి” అన్నారు ఇస్మాయిల్ గారు. “కానీ చాలవు. మీకు పాత సిజేరియన్ మచ్చ ఉండాలే?”

“ఆ చర్మంతోపాటే కోసేశారండి.”

“అదే అనుకున్నాను. ఇవి ఎక్కువగా పాత గాయం దగ్గరే కాపురముంటాయి. మీకు మానాల్సిన సరుకంతా ఆ ముక్కలో వెళ్ళిపోయింది.”

“ఆ ముక్కని ఏం చేస్తారండి ఆసుపత్రుల్లో?”

“కాల్చేస్తారమ్మా.”

వీరవేణి పమిట కొంగు వేళ్ళకి చుట్టుకుంది, విప్పింది. డబ్బిచ్చి మరీ కాల్పించుకున్నానా, అనుకుంది. బస్సులో కిటికీ వైపు తిప్పుకున్న మొహం, అద్దం ముందు పొట్ట మీద వేసిన గుద్దులు, అన్నీ జ్ఞాపకమొచ్చాయి.

హారికే అడిగింది. “వాడి రక్తంతో పట్టీ చేస్తే, మిగిలినవి వస్తాయా సార్?”

“ఎముకల్లో ఉన్నవి వస్తాయి. ఆలస్యం చేయకూడదు. లోపలి కండ పొర కూడా వదులవుతోంది. అది తెగితే ప్రాణం మీదికొస్తుంది.” ఆయన ఒక్క క్షణం ఆగారు. “ఇంకోటి చెప్పాలి. ఒకసారి వచ్చి చర్మమైపోయాక అవి చర్మమే. మీలో కలిసిపోతాయి. ఆ పిల్లాడి గుర్తు వాటిలో ఉండదు. మళ్ళీ పిలవడానికి ఎవరూ మిగలరు.”

తెర మీది ఎర్రచుక్కల్ని వీరవేణి చాలాసేపు చూసింది. తిరుగు దోవలో కారు తుని దాటాక అంది. “వద్దులేవే. ఈ పుండుతోనే ఏదోలా ఈడుస్తాను.”

“చచ్చిపోతావమ్మా.”

“ఉన్నాడని ఇయ్యాలే తెలిసింది కదే. ఇయ్యాలే ఖర్చుపెట్టేయమంటే ఎలాగే?”

హారిక కారు పక్కకి తీసి ఆపింది. “నువ్వు పోతే వాటికి మాత్రం ఇల్లెక్కడమ్మా?” అంది. “అడగాల్సొస్తే వాణ్ణి కాదు, అక్కని అడగాలి” అంది వీరవేణి చివరికి.

*

మంగాయమ్మ షెడ్డులో ముక్కాలిపీట మీద కూర్చుని మామిడి అంట్లు కడుతోంది. వీరవేణి దడి పక్కనుంచి, పొట్ట రెండు చేతుల్తో పట్టుకుని, నడుం వంచుకుని వచ్చింది.

“మంచం దిగొద్దన్నారంటగా?”

“మంచం మోసుకు రాలేను కదక్కా.”

“కూకో ముందు. పడి చస్తే నామీదికొత్తది.” నూకాలు చేత కుర్చీ వేయించింది. కత్తి పక్కన పెట్టలేదు. “ఊరంతా తిరిగి కబురు నాకు ఆఖర్న వచ్చింది. పట్నం డాక్టరు నీకు కొడుకున్నాడన్నాడంట.”

“అన్నాడు.”

“నువ్వేమన్నావు?”

“ఒక్కత్తే కూతురన్నాను. రెండుసార్లడిగాడు. రెండుసార్లూ అదే అన్నాను.”

“మరి ఆయనకెలా తెలిసింది?”

“నేను చెప్పలేదక్కా. పుండు చెప్పింది.”

మంగాయమ్మ చేతిలో చెక్కిన పుల్ల అలాగే ఉండిపోయింది. అంటు పుల్ల గాలి తగిలితే ఎండిపోతుందని ఆవిడకి తెలుసు. ఎండనిచ్చింది.

“ఇప్పుడు ఏం కావాలి?”

“భద్రం రక్తం. కొంచెం.”

“ఇయ్యాల రక్తమంటావు. రేపు ఇంకోటంటావు. ఆ మనిషి పోయాక నాకు వాడు తప్ప ఎవరున్నారే? జొరమొచ్చి రాత్రుళ్ళు ఎత్తుకు తిరిగింది నేను. పాలపళ్ళు ఇంటిమీదికి ఇసిరింది నేను.”

“నువ్వే అక్కా. నేను కాదన్నానా? దడికి ఇటు వైపు నిలబడి వినేదాన్ని, నువ్వు ఎత్తుకు తిరుగుతుంటే.”

హారిక, తల్లి వెనక నిలబడి, ఆ కణాలు ఏమిటో, ఎందుకో, మానాక ఏమవుతాయో పెద్దమ్మకి అర్థమయ్యేలా చెప్పింది. ఆవిడ అంతా విని ఆఖరి మాట దగ్గరే ఆగింది.

“మానాక మీ అమ్మ ఒంట్లో వాడిది ఏమీ మిగలదా?”

“మిగలదు పెద్దమ్మా.”

“సాంతం?”

“సాంతం” అంది వీరవేణి, కూతురికంటే ముందు.

మంగాయమ్మ ఎండిన పుల్ల పారేసి, కొత్త పుల్ల తీసుకుని చీలికలో దింపింది. రిబ్బను చుట్టి, పళ్ళతో లాగి ముడి బిగించింది.

“అయితే తీసుకోండి.”

సాయంత్రం భద్రం తనంతట తనే వచ్చాడు. చేతులకి ఇంకా పేడా మట్టీ. బావి దగ్గర మోచేతుల దాకా కడుక్కుని, గుమ్మంలో నిలబడ్డాడు.

“పిన్నీ, ఏ చెయ్యంట?”

“ఏదో ఒకటి నాన్నా” అంది వీరవేణి.

*

భద్రం విశాఖపట్నం వెళ్ళి రక్తమిచ్చి వచ్చాడు. కొత్త పట్టీ ఐసు పెట్టెలో వచ్చింది. చూడటానికి పాతదానిలాగే ఉంది, మీగడ పొర.

అంటించిన మర్నాడు వీరవేణికి మోకాళ్ళలోంచి, వెన్నులోంచి సన్నగా జలజల మొదలైంది. ఎండిన బోదెలోకి కాలవ నీళ్ళు వదిలితే మొదట నురగ, చెత్త, ఆ వెనక నీళ్ళు పరిగెత్తుకొస్తాయి చూడండి, అలా. పుండు చుట్టూ దురద. హారిక కట్టు విప్పి చిన్న యంత్రం పెట్టి చూసి, “వచ్చార్రా బాబూ” అని గట్టిగా అరిచింది. తెర నిండా ఎర్రచుక్కలు. భాస్కరం గుమ్మం దాకా వచ్చి, చూసి, మళ్ళీ వెళ్ళిపోయాడు. నీళ్ళ మోటారు వేసొస్తానని అన్నాడు గాని మోటారు చప్పుడు వినిపించలేదు.

ఆ రోజుల్లో వీరవేణి వేరే ఏ పనీ చేయలేదు. పడుకుని, పుండు మానడం వింటూ ఉండేది. ఒక్కోసారి మల్లెవాసన వచ్చేది. సీజను కాదు. ఒక్కోసారి రొమ్ముల్లో నొప్పి, దడికి అవతల పసివాడి ఏడుపు. అవతల చూస్తే గెడ్డం భద్రం ట్రాక్టరు డ్రైవర్ని తిడుతూ ఉండేవాడు. ఆ పచ్చి బాలింతతనం, తను దండెం మీద పడేసి వచ్చిన ఆ నేతచీర కట్టు, ఎవరో తెచ్చి మళ్ళీ మెల్లగా నడుముకి చుడుతున్నట్టుండేది. బెల్లం కావాలనిపించేది. భద్రం రోజూ ఒకసారి గుమ్మం దాకా వచ్చి, “ఎలాగుంది పిన్నీ?” అనేవాడు. “నువ్వు బాగా పనిచేత్తన్నావురా” అనేది. కుర్రాడు నవ్వి వెళ్ళిపోయేవాడు.

రోజూ హారిక యంత్రం పెట్టేది. రోజూ పుండు చిన్నదయ్యేది. ఎర్రచుక్కలూ తగ్గేవి. ఎర్రది ఒకటి అంచుకి చేరి, చదునై, సాగి, పక్కవాళ్ళ చెయ్యి పట్టుకుని పచ్చబడిపోయేది. నాటిన నారు వేళ్ళూని మూన తిరగడం ఎన్నోసార్లు చూసింది వీరవేణి. సంతోషపడాల్సిన సంగతే అది.

“ఒక్కదాన్ని ఆపలేవా?” అని ఒకనాడు అడిగింది.

“ఆపితే అక్కడ కన్నం ఉండిపోద్దమ్మా.”

“చిన్న కన్నమే కదే.”

హారిక యంత్రం పక్కన పెట్టి తల్లి చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఏమీ ఆపలేదు.

*

చివరి కట్టు విప్పే రోజున మంగాయమ్మ గిన్నెడు జున్ను పట్టుకొచ్చింది. తెచ్చిన వంక జున్ను, చూడాలన్నది అసలు సంగతి. వెనకాలే భద్రం వచ్చాడు. భాస్కరం మంచం కోడు పట్టుకుని నిలబడ్డాడు.

కట్టు కింద చర్మం గులాబీ రంగులో, నున్నగా, చంటిపిల్లాడి అరికాలులా ఉంది. పొట్ట చదునుగా, చక్కగా ఉంది. ఇంక బస్సులో ఎవరూ లేవరు. హారిక యంత్రం పెట్టింది. తెర అంతా పచ్చ. ఈ మూల నుంచి ఆ మూల దాకా జరిపి జరిపి చూసింది.

“ఏమన్నా ఉందా?” అంది మంగాయమ్మ.

“లేదు పెద్దమ్మా. ఒక్కటీ లేదు.”

వీరవేణి ఆ లేత చర్మం మీద చెయ్యి వేసుకుంది. వెచ్చగా ఉంది. తన ఒళ్ళే.

మంగాయమ్మ గుండెల మీంచి బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలింది. జున్ను గిన్నె మూత తీసి, మొదటి ముక్క తోడికోడలి నోటికే అందించింది. కోపం లేదు ఆవిడ గొంతులో, ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేనంత ప్రేముంది.

“తినవే. ఇంక నీకూ నాకూ పేచీ లేదు. ఇన్నాళ్ళూ నీళ్ళొదిలారన్న మాటేగానీ నాకు బెంగగానే ఉండేది. ఇయ్యాల్టికి వీడు సాంతం నా కొడుకయ్యాడు.”

భద్రం గుమ్మానికి చేరబడి, తెర వంకే చూస్తున్నాడు. చూపు తిప్పకుండానే అన్నాడు.

“రక్తం తీసినప్పుడు ఇస్మాయిల్ గారు నాదీ చూపించారమ్మా. పిన్ని కణాలు నా ఒంట్లోనూ ఉన్నాయంట, పుట్టకముందు నుంచీ. వాటినేం చేత్తావు, కోయించేత్తావా?”